గిరికీలు కొట్టు గాలిపటము

తోకలేని గాలిపటమును ఎగురవేసిన బాలురందరు ఒక వింతను గమనించియుందురు. దారమును బిగించి లాగినచో పటము తన ముక్కు ఉన్న దిక్కునకు దూసుకొనిపోవును. దారమును వదలు చేసినంతనే ఉన్నచోటనే గిరగిర తిరుగును. దారమొక్కటే, గాలియొక్కటే. ఈ భేదమెందువలన?

పటమునకు నిలువుపుల్ల ఒకటి, విల్లువలె వంచిన అడ్డపుల్ల ఒకటి ఉండును. దారము బిగిసినపుడు గాలి ఒత్తిడివలన అడ్డపుల్ల కొనలు రెండును వెనుకకు వంగును. అప్పుడు ఒక రెక్క ముందుకు వచ్చినచో, అది గాలికి ఎక్కువ ఎదురై తిరిగి వెనుకకు నెట్టబడును. పటము నిలకడగా సాగును. దారము వదలైనపుడు పుల్ల తిన్ననై పటము చదునగును; సరిచేయు బలము తగ్గును; ఏ చిన్న తేడా ఉన్నను పటము తిరుగనారంభించును. తోక కట్టినచో, దానిని గాలి లాగుటవలన ఈ తిరుగుడు ఆగును. ముక్కు కోరిన దిక్కునకు వచ్చిన క్షణముననే దారము లాగుట పందెగాని నేర్పు.

ఈ నేర్పును రెండు దారములతో మరింత సులభముగా సాధింపవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పాల్ గార్బర్ అమెరికా నౌకాదళమువారి గురి అభ్యాసమునకై ఇట్టి పటమును నిర్మించెను. 1972లో ఇంగ్లండునందు పీటర్ పావెల్ రూపొందించిన పటమువలన ఈ క్రీడ జనులలో వ్యాపించెను. కుడిదారమును లాగినచో కుడిరెక్క మనవైపునకు వచ్చి, గాలి త్రోపు కుడికి ఒరిగి, పటము కుడికి మళ్లును. కొద్దిగా లాగిన పెద్ద వలయము ఏర్పడును. ఒక చేతితో లాగి రెండవ చేతిని ముందుకు చాచినచో చిన్న గిరికీ వచ్చును.

ప్రతి గిరికీకి దారములు ఒక పెన పడును. అయినను నున్నని దారములు ఒకదానిపై ఒకటి జారుచుండును గనుక పటము మాట వినును. పెనలు పెరిగినకొలది రాపిడియు పెరుగును. పలుపును గుంజకు మూడుచుట్లు త్రిప్పినచో ఎద్దు లాగలేదు గదా! కావున కుడికి మూడు గిరికీలు కొట్టినవారు ఎడమకు మూడు కొట్టి పెనలు విప్పవలెను. రెండు దారముల పొడవు సమానముగా ఉండవలెను; లేనిచో పటము ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు లాగును.

స్థలము ఎన్నుకొనుటయు ముఖ్యము. నంద్యాల మైదానమునకు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండలు కలవు.  సంక్రాంతి దినములలో తూర్పు, ఈశాన్య దిక్కుల గాలి కొండలు దాటి దిగునపుడు సుడులు పుట్టును. అందుచేత కొండపాదమునకు, చెట్లకు, మేడలకు దూరముగా, పంట కోసిన విశాలమైన చేనిలో, గాలికి వీపు పెట్టి నిలువవలెను.

గాలివేగము రెట్టింపైన ఒత్తిడి నాలుగురెట్లగును. సెకండుకు 5 మీటర్ల వేగము గల గాలి ఒక చదరపు మీటరుపై సుమారు ఒకటిన్నర కిలోగ్రాముల బరువుతో ఒత్తును. 10 మీటర్లైన ఆరు కిలోగ్రాములు. కావున నేర్చుకొనువారికి మందమైన, నిలకడ గల గాలియే మేలు.

విద్యుత్తు తీగల సమీపమున ఏ పటమును ఎగురవేయరాదు. తడిసిన నూలుదారముగుండా కూడ విద్యుత్తు ప్రవహించును. పక్షుల రెక్కలను, దారిన పోవువారి కంఠములను కోయు నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతట నిషేధించెను. గిరికీల పటమునకు మాంజా అవసరమే లేదు. ఇందు గెలుపు ఎదుటివాని దారము తెగుటలో లేదు. తన చేతి కదలికకు, పటము కదలికకు గల సంబంధము తెలిసికొనుటలో ఉన్నది. తోక ఉన్న పటమును, తోక లేని పటమును ప్రక్కప్రక్కన ఎగురవేయించినచో ఉపాధ్యాయులు ఈ పాఠమును మైదానముననే బోధింపవచ్చును.