నీరొకరిది, ధర యొకరిది

అధికారమును పంచుకొనుట సులభము. బాధ్యతను పంచుకొనుటయే కష్టము. ఈ సత్యము నెఱుగుటకు ఢిల్లీ వఱకు పోనక్కఱలేదు. కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాదు పొలముల గట్టున నిలిచి చూచిన చాలును.

ఆ సీమకు నిజాంసాగరు ప్రాణాధారము. 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన యా జలాశయమును నాటి నైజాము ప్రభుత్వ మొక్కటియే నిర్మించినది. నేడట్లు కాదు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అధికారములను మూడు జాబితాలుగ విభజించినది. సాగునీరు, భూమి, వ్యవసాయము రాష్ట్రమునకు. విదేశ వాణిజ్యము కేంద్రమునకు. ఆహారధాన్యముల వ్యాపారము ఉభయులకును చెందినవి. మంజీర మూడు రాష్ట్రములందు ప్రవహించు నది యగుటచే దాని విషయమున పార్లమెంటునకును ప్రవేశము గలదు. వడ్లకు మద్దతు ధరను కేంద్రము నిర్ణయించును. గ్రామమున కాంటా పెట్టించునది రాష్ట్రము.

వ్రాతలో నీ యేర్పాటు చక్కగనే యున్నది. కాని 2021–22 యాసంగిలో జరిగిన దేమి? వేసవి యెండలకు పండిన వడ్లను పచ్చిబియ్యముగ ఆడించినచో నూకలు మెండగును. కావున ఉప్పుడు బియ్యము చేయుట యీ ప్రాంతపు మిల్లులకు వాడుక. ఆ బియ్యమును ఇక తీసికొనమని కేంద్రము పలికెను. ఈయబోమని రాష్ట్రమే వ్రాసియిచ్చినదని గుర్తుచేసెను. పండిన దంతయు కొనుట కేంద్రధర్మమని రాష్ట్రము వాదించెను. వరి వేయవలదని రైతులకు చెప్పెను. 2022 ఏప్రిల్ 11న నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు ఢిల్లీలో ధర్నాకు కూర్చుండిరి. మరునాడు ధాన్యము తానే కొనుటకు రాష్ట్ర మంత్రివర్గము నిశ్చయించెను. అప్పటికే వరి కోతకు వచ్చియుండెను!

ఆబోతులు కుమ్ములాడుకొన్న లేగల కాళ్లు విరుగునన్న సామెత మనకు క్రొత్త కాదు. నిల్వలు మితిమీరినవన్న కేంద్రపు మాటలోను, ధర నిర్ణయించినవారే కొనవలెనన్న రాష్ట్రపు మాటలోను కొంత న్యాయము లేకపోలేదు. కాని యా న్యాయవిచారణ జరుగవలసినది నారు పోయుటకు ముందు. కల్లములో వడ్లు రాశి పడిన పిమ్మట కాదు.

మేము కోరునది యొక్కటే. ప్రతి యాసంగికి పూర్వము, ఎంత ధాన్యము, ఏ రకపు బియ్యము, ఎవరు కొందురో ఉభయ ప్రభుత్వములును కలిసి వ్రాతపూర్వకముగ ప్రకటింపవలయును. ఇట్టి సంప్రతింపులకే గదా 263వ అధికరణము ననుసరించి 1990లో అంతర్రాష్ట్ర మండలి యేర్పడినది! జాబితాలు మూడైనను రైతు ఒక్కడే. అతనికి జవాబు చెప్పవలసిన బాధ్యత నే జాబితాయును విభజింపలేదు.