గేటు దగ్గర నిలబడే ముందు 160 గంటలు: సెక్యూరిటీ గార్డు శిక్షణ గురించి తెలుసుకోవాల్సినవి

వేరుశనగ చేతికి రాని ఏడాది గాండ్లపెంట మండలం నుంచి వలస పెరుగుతుంది. సొంత భూమి లేనివాళ్లు, ఉన్నా బోరు లేనివాళ్లు కదిరిలో బస్సెక్కి బెంగళూరు పోతారు. కొందరు పెనుకొండ, హిందూపురం వైపు ఫ్యాక్టరీల్లో పని వెతుక్కుంటారు. నలభై దాటి, పెద్ద చదువు లేని మనిషికి ఎక్కువగా వినిపించే మాట ఒకటే: 'సెక్యూరిటీలో చేరు.' యూనిఫాం ఇచ్చి మరుసటి రోజే గేటు దగ్గర నిలబెడతారు. చట్టం చెప్పేది మాత్రం వేరు.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని 10వ సెక్షన్ ప్రకారం గార్డుకు 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు ఉండాలి. శారీరక ప్రమాణాలకు సరిపోవాలి, నిర్ణీత శిక్షణ పూర్తి చేసి ఉండాలి. ఆ శిక్షణ అందేలా చూసే బాధ్యతను 9వ సెక్షన్ ఏజెన్సీ మీదే పెట్టింది. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు 100 గంటల తరగతి పాఠాలు, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. కనీసం 20 పనిదినాల్లో ఇది సాగాలి.

ఈ 160 గంటల్లో నేర్పాల్సినవి చాలా ఉన్నాయి. మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కార్డులు పరిశీలించడం, ఆత్మరక్షణ హక్కు, ఎఫ్ఐఆర్ నమోదు చేయించే పద్ధతి ఇందులో భాగం. ఇంగ్లీషు విషయంలో అడిగేది కార్డుల మీద ఉండే అక్షరాలు, అంకెలు చదవగలగడం. అంటే డిగ్రీ లేదని వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

ఇది మనకెందుకు ముఖ్యం? మన ఊళ్లలో కావలి ఎప్పటినుంచో ఉంది. తలారి, వెట్టి పేర్లతో కులాన్ని బట్టి అంటగట్టిన చాకిరీ అది. మహారాష్ట్రలో మహర్ల మీద ఇదే చాకిరీ వతన్ పేరుతో ఉండేది. దాన్ని మార్చాలని అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. వెట్టికి పని హద్దు లేదు, ఎవరు ఏం చెప్పినా చేయాల్సిందే. శిక్షణ లేని వాచ్‌మన్ చేత కార్లు కడిగించి, సరుకులు మోయిస్తే అది పాత వెట్టికి కొత్త యూనిఫాం వేసినట్టే. శిక్షణ, సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఉన్న గార్డు 'ఇది నా పని కాదు' అని చెప్పడానికి ఒక ఆధారం ఉంటుంది.

ప్రభుత్వ పథకాల సంగతి చూద్దాం. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గ్రామీణ పేద యువతకు ఉచితంగా ఉద్యోగ శిక్షణ ఇచ్చే పథకం. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అమలు చేస్తోంది. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలి. అయితే వయసు 15 నుంచి 35 ఏళ్లు, మహిళలకు 45 వరకు సడలింపు. చట్టం 65 ఏళ్ల దాకా గార్డుగా పని చేయవచ్చంటుంటే, పథకం మగవాళ్లకు 35 దగ్గరే ఆగిపోతోంది. సేద్యం దెబ్బతిని నలభై ఏళ్లకు కొత్త పని వెతుక్కునే మనిషికి ఇక మిగిలేది ఏజెన్సీ ఇవ్వాల్సిన శిక్షణే. అక్కడ చట్టం అమలు కాకపోతే అతనికి వేరే దారి లేదు.

అందుకే చేరే ముందు కొన్ని అడగాలి. ఏజెన్సీకి లైసెన్సు ఉందా? 12వ సెక్షన్ ప్రకారం దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. శిక్షణ ఎక్కడ, ఎన్ని రోజులు? సర్టిఫికెట్ చేతికిస్తారా? ఫొటో గుర్తింపు కార్డు ఎప్పుడిస్తారు? పీఎఫ్ జమ చేస్తారా? కనీస వేతనం, పీఎఫ్ వంటి కార్మిక చట్టాలను ఉల్లంఘించడం కూడా లైసెన్సు రద్దుకు ఒక కారణమని 13వ సెక్షన్ చెబుతోంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ వదిలి రావద్దు, జిరాక్సులు ఇస్తే చాలు.

ఒంటరిగా అడిగితే 'ఇష్టముంటే చేరు, లేకపోతే పో' అంటారు. ఒకే ఊరి నుంచి పోయే పదిమంది కలిసి అడిగితే ఆ మాట అనడం అంత తేలిక కాదు. సంఘాలు ఈ పని మీద దృష్టి పెట్టాలి. పథకంలో వయసు పరిమితి పెంచాలని, లైసెన్సులిచ్చే అధికారులు శిక్షణ రికార్డులు తనిఖీ చేయాలని డిమాండ్ చేయాలి.