కొనేవారి జ్ఞాపకమే కొలబద్ద

ఒక వ్యాపారి సరుకును లేదా సేవను తక్కినవారి వాటి నుంచి వేరుగా గుర్తుపట్టేందుకు తోడ్పడే పేరు, బొమ్మ, రంగుల కూర్పు, పొట్లం ఆకృతి వంటి వాటిని వాణిజ్య చిహ్నం, అంటే ట్రేడ్‌మార్క్ అంటారు. భారతదేశంలో వీటికి 1999లో రూపొంది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం రక్షణ కల్పిస్తోంది. ఈ రక్షణ వ్యాపారికి మాత్రమేనని అనుకోవడం పొరపాటు. నమ్మిన సరుకే అనుకుని మరొకటి ఇంటికి తెచ్చుకునే కొనుగోలుదారును కాపాడటమూ దీని పనే.

పార్లే సంస్థ గ్లూకో బిస్కెట్ల రేపరుపై పల్లె వాకిలి, నడుమ ఒక అమ్మాయి, చుట్టూ ఆవులు, కోళ్లు ఉండేవి. మైసూరుకు చెందిన మరో సంస్థ తన రేపరుపై గడ్డిమోపు ఎత్తుకున్న అమ్మాయిని, ఆవులను, కోళ్లను వేయగా, కింది న్యాయస్థానాలు రెండింటి మధ్య తేడాలను ఎంచి పార్లే వేసిన దావాను కొట్టివేశాయి. 1972లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిరగరాసింది. కొనేవారు రెండు పొట్లాలను పక్కపక్కన పెట్టుకుని తేడాలు వెతకరు; మొదటిదాని మొత్తం రూపం లీలగా మనసులో మిగిలి ఉండగా, రెండోది చూసి అదే ఇది అని చేయి చాస్తారు. చదువు రానివారికీ పిల్లలకూ బొమ్మే పేరు కాబట్టి, ఈ కొలబద్ద ఎంతో న్యాయమైనది.

పేరు విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల వివాదంలో, అమృతానికీ లక్ష్మణుడికీ అర్థంలో పోలిక లేదన్న వాదనను 1962లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. పల్లెటూరి మనిషి వ్యుత్పత్తి విడదీసి మందు కొనడని, చెవికి తోచే పోలికే చాలని భావించింది. అయినా, లక్ష్మణధార అమ్మకం తెలిసీ అమృతధార యజమాని ఏళ్ల తరబడి ఊరుకున్నందున, ఉత్తరప్రదేశ్ వరకు ఆ పేరు నమోదుకు అనుమతి లభించింది.

ఏ పేరుకైనా రక్షణ దొరుకుతుందని కాదు. బియ్యానికి ‘సన్న బియ్యం’ అన్నట్టు సరుకు గుణాన్ని మాత్రమే చెప్పే మాట అందరి సొత్తు కనుక, దీర్ఘకాలపు వాడకంతో అది ఒక్క వ్యాపారినే స్ఫురింపజేసే స్థాయికి చేరితే తప్ప నమోదు కాదు; కొత్తగా కల్పించిన మాటకు బలం ఎక్కువ. నమోదు కాని గుర్తుకూ కొంత ఆసరా ఉంది. తన సరుకును మరొకరిదిగా చలామణి చేయడాన్ని ‘పాసింగ్ ఆఫ్’ అంటారు. దానిపై దావా వేయవచ్చు కానీ, తన పేరుకున్న ప్రతిష్ఠను, జరిగిన లేదా జరగగల నష్టాన్ని వ్యాపారే రుజువు చేసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నమోదు దరఖాస్తులు ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది, ఎన్నిసార్లయినా పునరుద్ధరించుకోవచ్చు. పచ్చళ్లు, మిఠాయిలు, మసాలాల తయారీకి దిగే చిన్న వ్యాపారులు బోర్డు రాయించకముందే ఆ పేరు మరొకరిదేమో రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికి చూసుకోవాలి. నమోదయ్యాకా ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌ను గమనిస్తూ ఉండాలి. అందులో తమ పేరును పోలిన దరఖాస్తు వెలువడితే, అభ్యంతరం తెలపడానికి చట్టం ఇచ్చే గడువు 4 నెలలే.