కుర్చీ వేరు, మనిషి వేరు

ధర్మం తప్పిన వేనరాజును ఋషులే చంపారని చిన్నప్పుడు పురాణ కాలక్షేపంలో విన్నాము. రాజు ధర్మం తప్పితే ఏం చేయాలి? తప్పాడని తేల్చేదెవరు? దాదాపు 380 యేళ్ళ క్రితం ఇంగ్లాండు చర్చిలలో ఈ ప్రశ్నే మారుమ్రోగింది.

1642 ఆగస్టు 22న మొదటి చార్లెస్ రాజు నాటింగ్‌హాంలో యుద్ధధ్వజం ఎత్తాడు. ఎదుటి పక్షం ఆయన పార్లమెంటే. సభ సమ్మతి లేని పన్నులు, సైన్యంపై అధికారం, చర్చి పద్ధతులు తగవుకు మూలాలు.

ఆనాడు సామాన్యుని చెవికి రాజకీయం చేరింది చాలావరకు చర్చి ప్రసంగాల ద్వారానే. 1642 నుండి 1649 మొదటిదాకా నెలలో చివరి బుధవారం ఉపవాసదినం. కామన్స్ సభ్యులు సెయింట్ మార్గరెట్ చర్చిలో ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి ప్రసంగాలు వినేవారు. ప్రసంగం ముగిశాక అచ్చు వేయించమని బోధకుణ్ణి కోరేవారు.

1642 ఫిబ్రవరి 23న అక్కడ స్టీఫెన్ మార్షల్ చేసిన ప్రసంగం పేరుమోసింది. బైబిలులో మేరోజు ఊరివారు యుద్ధానికి సాయం రానందుకు శాపం పొందారు. ఆ కథ చెప్పి, దేవుని పనిలో ఏ పక్షమూ చేరక ఊరకుండడమూ పాపమేనన్నాడు. అదే ప్రసంగం ఊరూరా ఎన్నోసార్లు చేశాడు.

రాజపక్షాన హెన్రీ ఫెర్న్ అదే ఏట పుస్తకం వ్రాశాడు. పై అధికారులకు లోబడమని రోమా పత్రిక 13వ అధ్యాయం చెబుతున్నది గదా! అధర్మమైన ఆజ్ఞను పాటించవద్దు, వచ్చే శిక్ష అనుభవించు, కత్తి మాత్రం ఎత్తకు, ఇదీ ఆయన వాదం.

పార్లమెంటు పక్షం జవాబు మావంటి గుమాస్తాలకు చప్పున బోధపడుతుంది. రాజపదవి వేరు, అందులో కూర్చున్న మనిషి వేరు. దుర్మంత్రుల మాట విని ఆ మనిషే పదవికి చేటు తెస్తున్నాడు గనుక, పదవిని కాపాడడానికే ఆయుధం పట్టామన్నారు. ఒకసారి మా పైఅధికారి ఒకరు వెనుకటి తేదీ వేసి కాగితం తయారుచేయమన్నారు. రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. చివరకు "రూలు ఒప్పదండీ" అన్నాము. ఆ ఏటి ఇంక్రిమెంటు ఆలస్యమైంది. మేము మ్రొక్కింది కుర్చీకి; నడిచింది మాత్రం ఫెర్న్ చెప్పిన దారిన!

ఫెర్న్ మరొకటి కూడా అడిగాడు. నేడు రాజును ఎదిరించడానికి చెప్పే కారణమే రేపు పార్లమెంటును ఎదిరించడానికి చెబితే? 1643లో ఫిలిప్ హంటన్, పార్లమెంటు పక్షంవాడై ఉండి కూడా, రాజుకూ సభకూ తీరని తగవు వస్తే తీర్చే న్యాయాధికారి దేశంలో లేడనీ, ఎవరి అంతరాత్మ వారే అడుగుకోవాలనీ ఒప్పుకొన్నాడు.

ఫెర్న్ భయపడినట్లే జరిగింది. 1648 డిసెంబరు 6న సైన్యం పార్లమెంటు గుమ్మంలో నిలిచి తనకు గిట్టని సభ్యులను లోనికి పోనీయలేదు. రాజును విచారణకు తెచ్చేసరికి, పార్లమెంటు యుద్ధాన్ని సమర్థించిన లండను బోధకులే పలువురు, మేము కోరింది ఇది కాదని మొరపెట్టుకొన్నారు. వినేవారు లేరు. 1649 జనవరి 30న రాజు శిరస్సు తెగింది.

1660లో ఆయన కొడుకునే పిలిచి గద్దె ఎక్కించారు. 1655లో చనిపోయిన మార్షల్ శవాన్ని 1661లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ సమాధి నుండి త్రవ్వి తీశారు. వేనుణ్ణి చంపిన ఋషులకూ రాజు లేక గడవలేదు. అతని దేహాన్నే మథించి పృథువును తెచ్చుకొన్నారు.

నేడు మనకు ఓటున్నది, కోర్టున్నది. తప్పెవరిదో నెత్తురు చిందకుండా తేల్చుకొనే దారులవి. వేదికమీది మాటకు చప్పట్లు కొట్టేముందు, ఈ మాట ఎక్కడికి పోయి ఆగుతుందని ఒక్కసారి ఆలోచించడం మేలని మాకు తోస్తున్నది. తాము మొదలుపెట్టినదాన్ని ఆపడం ఆ లండను బోధకుల వల్ల కాలేదు మరి!