పరకాయ ప్రవేశానికి ఆరు కొలతలు

నర్తించే దేహాన్ని తల, చేతులు, వక్షం, పార్శ్వాలు, నడుము, పాదాలు అనే ఆరు అంగాలుగా విభజించి, ఒక్కొక్కటి ఎన్ని విధాల కదలగలదో పేర్లతో సహా లెక్కపెట్టడం నాట్యశాస్త్రకర్త భరతుని నుంచి వచ్చిన శాస్త్ర సంప్రదాయం. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయప సేనాని 13వ శతాబ్ది మధ్యలో రచించిన ‘నృత్తరత్నావళి’ ఆ సంప్రదాయాన్ని కొనసాగిస్తూనే, ఎనిమిది అధ్యాయాలలో చివరి నాలుగింటిని దేశి నృత్యాలకు కేటాయించి, వీరనృత్యమైన పేరిణికి శాస్త్రంలో చోటు కల్పించింది.

హెడ్‌సెట్ ధరించి కంప్యూటర్ కల్పించిన లోకంలో సంచరించే వర్చువల్ రియాలిటీలో, మనిషి కదలికలను పసిగట్టి అక్కడ అతనికి బదులుగా నిలిచే బొమ్మకు, అంటే అవతార్‌కు, అందించే ప్రక్రియను బాడీ ట్రాకింగ్ అంటారు. నిండు దేహాన్ని అనుసరించేందుకు తరచుగా వాడే ఒక పద్ధతిలోనూ కొలిచే చోట్లు ఆరే: తల, రెండు చేతులు, నడుము, రెండు పాదాలు. శాస్త్రం రెండు చేతులను ఒకే అంగంగా ఎంచితే యంత్రం విడివిడిగా ఎంచుతుంది గనుక ఈ పోలిక కాకతాళీయమే, అయినా ఆలోచింపజేసేది. ఒంటికి కట్టిన సెన్సర్ల స్థానాన్ని కెమెరాలో లేజర్ కిరణాలో గుర్తించాక, మోచేతులు, మోకాళ్లు ఎక్కడ వంగాలో కంప్యూటర్ గణితంతో ఊహిస్తుంది. తోలుబొమ్మ చేతికొసకు కట్టిన పుల్లను కదిపితే మోచేయి దానంతట అదే వంగడం వంటిదే ఇదీ.

కదలిక అందినంత మాత్రాన ఆ బొమ్మ తన దేహమేనన్న భావన కలగదు. ఈ దేహానుభూతిలో మూడు పాయలున్నాయని 2012లో కిల్టెని, గ్రోటెన్, స్లేటర్ అనే పరిశోధకులు వివరించారు: తాను ఆ దేహంలోనే ఉన్నాననడం, దాన్ని కదిపేది తానేననడం, అది తనదేననడం. కంటికి కనిపించేదీ ఒంటికి తెలిసేదీ ఒకే క్షణంలో కలిస్తే మెదడు ఎంత సులువుగా లొంగిపోతుందో 1998లో బోట్వినిక్, కోహెన్ చేసిన ప్రయోగం చూపింది. అసలు చేతిని తెర చాటున దాచి, ఎదుట ఉన్న రబ్బరు చేతినీ దాన్నీ ఒకేసారి కుంచెతో నిమిరినప్పుడు, ఆ స్పర్శ రబ్బరు చేతి మీదనే తగులుతున్నట్టు చాలామందికి తోచింది. తోచడంతో ఆగదు కూడా. 2013లో ప్రచురితమైన మరో ప్రయోగంలో, జెంబే అనే ఆఫ్రికా వాద్యాన్ని మోగించినవారిలో, సూటు వేసిన తెల్లని అవతార్ పొందినవారికంటే సాధారణ దుస్తుల్లోని నల్లని అవతార్ పొందినవారు ఒళ్లు ఎక్కువగా కదిలిస్తూ వాయించారు.

తెలుగువారికి ఈ అనుభవం కొత్తదైనా ఊహ పాతదే. దేవత మనిషిలోకి వస్తే పూనకం, మనిషి మరో దేహంలోకి వెళితే పరకాయ ప్రవేశం. యుద్ధానికి ముందు వాద్యాల హోరులో శివుణ్ణి తనలోకి ఆవాహన చేసుకునే పేరిణి నర్తకుడిది మొదటి దారి, హెడ్‌సెట్ ధరించినవాడిది రెండోది. పైనుంచి దిగివచ్చేవాడిదైన అవతారమనే మాట ఈ రెండో దారికి పేరు కావడం ఒక వింత.

కాకతీయుల తర్వాత మరుగున పడిన పేరిణిని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన తీరు ఈ సాంకేతికతకు ఊహించినదానికంటే దగ్గరగా ఉంది. ఆయనకు ఆధారమైనవాటిలో, కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి శిల్పాలు నిలిచిపోయిన భంగిమలను మాత్రమే ఇస్తాయి, ‘నృత్తరత్నావళి’ నియమాలను ఇస్తుంది, ఒక భంగిమ నుంచి మరొకదానికి దేహం ఎలా సాగిందో ఆ రెండూ పూర్తిగా చెప్పవు. ఆ ఖాళీని ఆయన తన దేహంతో పూరించారు. యానిమేషన్‌లో కీలక భంగిమల మధ్య కదలికను నింపే పని ఇదే, కాకపోతే అక్కడ నింపేది గణితం.

పేరిణికి ప్రాణం పాదతాడనంలో ఉంది. పాదం ఎక్కడ ఉందో చెప్పే సెన్సర్ అది నేలను ఎంత బలంగా తాకిందో చెప్పలేదు, పైగా గట్టి దెబ్బకు తానే అదిరి లెక్క తప్పవచ్చు. కనుక అవతార్‌లో చూసిన పేరిణి రూపం సరిపోయినా బరువు లేనిదవుతుంది. రామకృష్ణ 2011లో కన్నుమూశారు. ఆయన వద్ద నేరుగా నేర్చుకున్నవారి అడుగులను, తాడన బలాన్ని కొలిచే పలకల మీద, వారు ఆడగలిగిన రోజుల్లోనే నమోదు చేయించే బాధ్యతను విశ్వవిద్యాలయాలూ సాంస్కృతిక సంస్థలూ తీసుకోవాలి.