వేళ్ళు కదులుతున్నాయి, మోత ఏదీ?

మా ఊరి పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళం పదిహేనుమందిమి ఉన్నాం. నాలాగా ఇంకా ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ముగ్గురే. తక్కినవారంతా రిటైరైనవారు. వారిలో ఒకరి కూతురు లండన్‌లో ఉంటుంది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగే హార్ప్ కచేరీని ఇంటర్నెట్‌లో చూడవచ్చని ఆ అమ్మాయి జనవరిలో తండ్రికి కబురు పంపింది. చలికాలంలో వాళ్ళ ఒంటిగంట మనకు సాయంత్రం ఆరున్నర. ఎవరింట్లో వాళ్ళు చూసేకంటే అందరం వారింటి హాల్లో పెద్ద టీవీ ముందు చేరదామనుకున్నాం.

ఆరోగ్య శీర్షికలో కచేరీ గొడవ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఆ సాయంత్రం నాకు పాఠం చెప్పింది నా వృత్తికి సంబంధించిన సంగతే.

ముందు ఆ వాద్యం గురించి నాలుగు మాటలు. హార్ప్ మనిషంత ఎత్తుంటుంది. 47 తీగలు, కాళ్ళ దగ్గర 7 పెడల్స్. మన వీణకున్నట్టు మెట్లుండవు, ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. దాన్ని కుడి భుజానికి ఆనించుకొని రెండు చేతులతోనూ మీటుతారు. చిటికెనవేలికి మాత్రం పని లేదు. అన్ని తీగల్లో దారి తప్పకుండా కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి నలుపు రంగు వేసి ఉంటుంది. మన అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణలు కనిపిస్తాయే, అవీ ఈ కుటుంబానివే. అన్నిటికన్నా పొడుగు తీగ సెకనుకు సుమారు 33 సార్లు కంపిస్తుంది. అన్నిటికన్నా పొట్టిది 3,100 సార్లకు పైగా కంపిస్తుంది. ఈ రెండో అంకెతో మనకు పనుంది.

మాలో ఒక లెక్కల మాస్టారున్నారు. డెబ్భై దాటాయి. ఏడాదిగా నడకకు రావడం మానేశారు. అడిగితే మోకాళ్ళ నొప్పులన్నారు. కొడుకు అమెరికా వెళ్ళాక మనతో మాటలేమిటిలే అని ఒకరిద్దరు ఎత్తిపొడిచారు కూడా. నేను మోకాళ్ళకు మాత్రలు రాసిచ్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ సాయంత్రం భార్య బలవంతం మీద వచ్చి నా పక్కన కూర్చున్నారు.

కచేరీ మొదలై పది నిమిషాలైంది. మాస్టారు నావైపు వంగి, "ఏమండీ డాక్టరుగారూ, ఆ అమ్మాయి కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయి గాని మోత రావడం లేదేమిటి? టీవీ పాడైందా?" అని కాస్త గట్టిగానే అడిగారు. నలుగురూ నవ్వారు. ఎడమచేతి కింది లావు తీగలు ఆయనకు బాగానే వినిపిస్తున్నాయి. కుడిచేతి కింది పొట్టి తీగలే వినిపించడం లేదు. నాకు నవ్వు రాలేదు.

లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా అనే భాగం ఉంది. అందులోని అతి సన్నని కణాలు శబ్దాన్ని పట్టి నరానికి అందిస్తాయి. సన్నటి కీచు శబ్దాలను పట్టే కణాలు గుల్ల మొదట్లో ఉంటాయి. వయసు మీద పడుతున్నకొద్దీ ముందు దెబ్బతినేవి ఇవే. మళ్ళీ మొలవవు. అందుకే ఈ రకం చెవుడు మనిషిని మోసం చేస్తుంది. బస్సు హారన్ వినిపిస్తుంది, గుడిగంట వినిపిస్తుంది. కాని స, చ, త, ప వంటి హల్లులు సన్నటి శబ్దాలు కనుక జారిపోతాయి. "చారు పోయనా?" అంటే "సారు పోయినా?" అని వినిపిస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నారు గాని, శంఖం మా మాస్టారికి నిక్షేపంగా వినిపిస్తుంది. మనవరాలి మాటే అందదు.

కచేరీ అయ్యాక ఆవిడను పక్కకు పిలిచి అడిగాను. "కావాలనే విననట్టు ఊరుకుంటారని ఏడాదిగా పోట్లాడుతున్నానండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నలుగురు ఒకేసారి మాట్లాడేచోట ఇలాంటివారికి మాట తెలియదు. తప్పు జవాబు చెబితే నవ్వుతారు. నవ్వులపాలు కావడంకంటే మోకాళ్ళ నొప్పి గౌరవంగా ఉంటుంది.

అరవై దాటినవారిలో నాలుగోవంతుకు పైగా మనుషులకు ఇబ్బందిపెట్టే చెవుడు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి పద్నాలుగున్నాయని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు లెక్కగట్టారు. అందులో చెవుడూ ఉంది, నలుగురిలో కలవకపోవడమూ ఉంది. మా మాస్టారిలో మొదటిది రెండోదాన్ని వెంటబెట్టుకొచ్చింది.

మర్నాడే ఆస్పత్రికి రప్పించాను. ముందు చెవిలో గులిమి తీయించాం. ఒక్కోసారి ఇంతటితోనే వినికిడి తిరిగొస్తుంది. ఈయనకు రాలేదు. ఆడియోగ్రామ్ తీయిస్తే గీత మొదట్లో బాగానే ఉండి, 2,000 దగ్గరనుంచి కొండదిగినట్టు దిగింది. రెండు చెవులకూ యంత్రాలు కావాలన్నాం. "ముసలివాణ్ణని బోర్డు కట్టుకోమంటారా?" అని నెల్లాళ్ళు బెట్టుచేశారు. కళ్ళజోడు పెట్టుకున్న ముఖంతోనే ఈ మాట అన్నారు సుమా! యంత్రం కొనలేని వారికి కేంద్ర ప్రభుత్వం వారి ఎడిప్ పథకం ఉంది. ప్రభుత్వాస్పత్రిలో విచారించండి.

మీ ఇంట్లో ఎవరైనా టీవీ మరీ గట్టిగా పెడుతున్నా, "వినిపిస్తోంది గాని తెలియడం లేదు" అంటున్నా పరీక్ష చేయించండి. ఒక్కరోజులో హఠాత్తుగా ఒక చెవి మూసుకుపోతే మాత్రం గులిమేలే అని ఊరుకోవద్దు. అది అత్యవసరం, ఆ రోజే చెవి డాక్టరు చూడాలి. కాచిన నూనె పోయడం, పిన్నీసుతో కెలకడం రెండూ కూడదు.

మాలాగా గుంపుగా కచేరీ పెట్టుకునేవారు వినికిడి తగ్గినవారిని టీవీ స్పీకరుకు దగ్గరగా కూర్చోబెట్టండి. హాల్లో దీపాలు ఆర్పకండి. చెవి తక్కువైనవారు పక్కవారి పెదవులు చూసి మాట పోల్చుకుంటారు. గంటసేపు కదలకుండా కూర్చోకుండా మధ్యలో ఒకసారి లేచి తిరగండి. షుగరు ఉన్నవాళ్ళు భోజనం వేళ దాటనివ్వకండి. మా ఇంటాయన మిరపకాయ బజ్జీలు తెప్పించారు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మార్చి మొదట్లో రెండో కచేరీకి మాస్టారు యంత్రాలతో వచ్చారు. అంతకుముందు వారం హార్ప్ రికార్డు విని, రేకుడబ్బా వాయించినట్టుందని విసుక్కున్నారు. ఈ యంత్రాలను ముఖ్యంగా మాట కోసం సరిచేసి ఇస్తారు. సంగీతానికి వేరే అమరిక పెట్టించుకోవాలి. అది చేయించాం. ఈసారి పొట్టి తీగలు వినిపించాయా అని అడుగుదామని నేను నోరు తెరవబోతే, ఆయన వెనక్కి తిరిగి, "ఆ టీ గ్లాసుల చప్పుడు ఆపండయ్యా!" అని మమ్మల్నందరినీ క్లాసులో పిల్లల్ని కసిరినట్టు కసిరారు.