మీకు తెలుసా? డేట్లు చూసిన మనిషే బ్యానర్ పెట్టాడు

హాలీవుడ్‌లో టాలెంట్ ఏజెంట్ చేసే పని మన దగ్గర మేనేజర్, పీఆర్వో పంచుకుంటారు. కాల్షీట్లు సర్దడం, కథ చెప్పడానికి వచ్చినవాళ్లను వడపోయడం, ప్రెస్‌నోట్ పంపడం! ఆ కుర్చీలోంచి నిర్మాతగా ఎదిగినవారిలో మహేశ్ కోనేరు ఒకరు.

సినీ జర్నలిస్టుగా మొదలై, జూనియర్ ఎన్టీఆర్, కల్యాణ్‌రామ్‌ల వ్యవహారాలు చూసి, ఈస్ట్ కోస్ట్ ప్రొడక్షన్స్ స్థాపించారు. ఆ పేరు వింటేనే మన తూర్పు తీరపు సముద్రం గుర్తొస్తుంది. 2019లో వచ్చిన ‘118’లో హీరో కల్యాణ్‌రామ్ పాత్ర కూడా జర్నలిస్టే. ఛాయాగ్రాహకుడు గుహన్‌కు తెలుగులో దర్శకుడిగా అదే తొలి సినిమా. కీర్తి సురేశ్ అమెరికాలో చాయ్ వ్యాపారం పెట్టే ‘మిస్ ఇండియా’ 2020లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. కరోనా రెండో వేవ్ తగ్గి హాళ్లు తెరిచాక, 2021 జులై 30న, సత్యదేవ్ ‘తిమ్మరుసు’ను థియేటర్లలోనే దించారు. అప్పటికది గుండెధైర్యమే.

విజయ్ ‘బిగిల్’ తెలుగులో ‘విజిల్’గా వచ్చిందీ ఆయన ద్వారానే. ఇలాంటి డబ్బింగ్ బొమ్మల హక్కులు ఏరియాల వారీగా అమ్ముతారు. ఉదాహరణకు, ఆనందపురం మొదలు ఇచ్ఛాపురం దాకా ట్రేడ్ లెక్కలో ‘ఉత్తరాంధ్ర’ ఏరియాయే.

2021 అక్టోబర్ 12న విశాఖలో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు.

పీఆర్వోగా పనిచేసిన ఎస్‌కేఎన్‌ది కూడా ఇదే దారి. ఆయన నిర్మించిన ‘బేబీ’ (2023) రెండు జాతీయ అవార్డులు తెచ్చుకుంది.